ఒకే మందం, డజన్ల డబ్బాలు: పెద్ద జంతువుల వేటకు బుల్లెట్ ఎంచుకోవడం ఎలా?

.30-30 వించెస్టర్, .308 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 వించెస్టర్ మ్యాగ్నమ్. ఈ నాలుగు రకాల రైఫిల్ తూటాలనూ (కేసు, పౌడర్, బుల్లెట్ అన్నీ కలిసినదే తూటా) పక్కపక్కన నిలబెడితే పొడవులో గానీ లావులో గానీ పొంతన ఉండదు. కానీ వీటి మూతిలో కూర్చునే బుల్లెట్ మాత్రం ఒకే కొలత: 0.308 అంగుళం, అంటే 7.82 మిల్లీమీటర్లు. హ్యాండ్‌లోడింగ్ చేసేవాళ్లకు, అంటే ఖాళీ ఇత్తడి కేసులో ప్రైమర్ (దెబ్బ తగిలితే పౌడర్‌ను అంటించేది), పౌడర్, బుల్లెట్ సొంతంగా అమర్చుకునేవాళ్లకు, అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. షెల్ఫులో 0.308 అని రాసి ఉన్న ప్రతి డబ్బా వాళ్ల రైఫిల్‌కు సరిపోతుంది. సరిపోయినంత మాత్రాన పని చేస్తుందని కాదు.

ఫ్యాక్టరీ తూటా కొనేవాడికి ఈ గొడవ లేదు. .30-30 డబ్బాలో ఏ బుల్లెట్ పెట్టాలో కంపెనీ ఇంజనీర్లు ముందే తేల్చేశారు. ఆ తూటా 170 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) బుల్లెట్‌ను సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో పంపుతుంది. 200 గజాలు వెళ్లేసరికి వేగం 1,600 దగ్గరికి పడిపోతుంది. అంత నెమ్మదిగా తగిలినా విచ్చుకోవాలి కాబట్టి దాన్ని మెత్తగా, పల్చటి తొడుగుతో చేస్తారు. అదే బుల్లెట్‌ను ఎవరైనా .300 మ్యాగ్నమ్ కేసులో పెట్టి 2,900 పైచిలుకు వేగంతో దగ్గరలో ఉన్న ఎల్క్ (ఉత్తర అమెరికాలోని పెద్ద దుప్పి) భుజం మీద కొడితే, అది చర్మం దాటిన కొన్ని అంగుళాల్లోనే ముక్కలైపోయే ప్రమాదం ఉంది. తిరగేసి చూసినా అంతే. మ్యాగ్నమ్ వేగాలకు తట్టుకునేలా గట్టిగా చేసిన బుల్లెట్‌ను .30-30లో పెడితే, 200 గజాల దగ్గర అది విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసుకుంటూ అటువైపు నుంచి వెళ్లిపోవచ్చు. గాయపడ్డ జంతువు అడవిలోకి పోతుంది, వేటగాడు రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరుగుతాడు.

కాబట్టి నా వరకు మొదటి ప్రశ్న బ్రాండూ కాదు, బరువూ కాదు. బుల్లెట్ జంతువుకు తగిలే క్షణంలో ఎంత వేగంతో ఉంటుంది? ప్రతి వేట బుల్లెట్‌కూ రెండు వేగాల మధ్య ఒక పరిధి ఉంటుంది. పై గీత దాటితే చెదిరిపోతుంది, కింది గీత దిగితే విచ్చుకోదు. మిగతా లెక్కలన్నీ ఈ పరిధి చుట్టూనే తిరుగుతాయి.

బుల్లెట్ మీద మనం పెట్టే రెండు పనులు

వేట బుల్లెట్ నుంచి మనం కోరుకునే రెండు పనులకూ ఒకదానితో ఒకటి పడదు. అది విచ్చుకుని వెడల్పవ్వాలి, అప్పుడే ఊపిరితిత్తుల్లో, గుండె దగ్గర పెద్ద గాయమై జంతువు త్వరగా, తక్కువ బాధతో పోతుంది. మరోవైపు లోతుగా దిగాలి, లేకపోతే ఆ ముఖ్య భాగాల దాకా చేరనే చేరదు. వెడల్పయ్యే కొద్దీ లోతు తగ్గుతుంది. బుల్లెట్ తయారీ చరిత్ర మొత్తం ఈ బేరం చుట్టూ నడిచిందే.

అసలు విచ్చుకోని బుల్లెట్ వాడితే సరిపోదా అంటే, సైనికులు వాడేది అదే. 1890లలో కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ వాళ్లు కొన విచ్చుకునే బుల్లెట్లు తయారుచేశారు. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో అలాంటివాటిని నిషేధించింది. వేట నియమాలు దీనికి సరిగ్గా ఉల్టా: తొడుగు పూర్తిగా కప్పేసిన సైనిక బుల్లెట్లతో పెద్ద జంతువులను కొట్టడాన్ని చాలా చోట్ల చట్టమే ఒప్పుకోదు. యుద్ధంలో క్రూరమైనదిగా ఎంచినదే వేటలో జాలిగా మారింది, ఎందుకంటే ఇక్కడ లక్ష్యం గాయపరచడం కాదు, వెంటనే ముగించడం.

మినహాయింపు ఏనుగు లాంటి జంతువులు. అక్కడ అంత మందపు చర్మం, ఎముక దాటాలి కాబట్టి విచ్చుకోని సాలిడ్లే వాడతారు. ‘కరమోజో’ బెల్‌గా పేరుపడిన వాల్టర్ బెల్ వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు, వాటిలో చాలావాటిని 7×57 లాంటి చిన్న రైఫిల్‌తో, పూర్తి తొడుగు ఉన్న పొడవాటి బుల్లెట్లతో. ఆయన పేరు చెప్పి చిన్న క్యాలిబర్లను, అంటే సన్నటి బుల్లెట్లను, సమర్థించేవాళ్లు ఒక్కటి మరిచిపోతారు: ఆయనకు ఏనుగు మెదడు ఎక్కడుంటుందో ఏ కోణం నుంచైనా తెలుసు. ఆ విద్య మనం డబ్బాలో కొనుక్కునేది కాదు.

నాలుగు కుటుంబాలు

అన్నిటికంటే పాతది, చవకైనది, ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడయ్యేది మామూలు బుల్లెట్. రాగి మిశ్రమంతో చేసిన తొడుగు, లోపల సీసం, ముందు కొనలో సీసం బయటికి కనిపిస్తూ ఉంటుంది, లేదా ప్లాస్టిక్ కొన ఉంటుంది. సియెర్రా గేమ్‌కింగ్, హార్నడీ ఇంటర్‌లాక్, నోస్లర్ బాలిస్టిక్ టిప్ ఈ జాతివే. ఇవి త్వరగా విచ్చుకుంటాయి, సీసపు తునకలు చుట్టూ చిమ్ముతాయి. తునకలు కండరాన్ని అక్కడక్కడా చిల్లులు పెట్టిన మరుక్షణం, బుల్లెట్ వెనక ఉబ్బే ఒత్తిడి ఆ చిల్లుల వెంట కండరాన్ని చింపేస్తుంది. అందుకే జింక పక్కటెముకల మధ్య నుంచి కొడితే వీటి దెబ్బకు తిరుగులేదు. వేగం మరీ ఎక్కువైనా, భుజం ఎముక అడ్డొచ్చినా బరువులో సగం దాకా కోల్పోవచ్చు.

ఈ బలహీనత ఎవరికైనా బాగా తెలిసొచ్చిందంటే అది జాన్ నోస్లర్‌కే. 1946లో బ్రిటిష్ కొలంబియాలో మూస్ (జింక జాతిలో అన్నిటికంటే పెద్ద జంతువు) వేటకు వెళ్లినప్పుడు ఆయన .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ బుల్లెట్లు ఒక పెద్ద మూస్ మీద లోతుగా దిగకుండానే చిట్లిపోయాయి. ఇంటికొచ్చి ఆయన చేసిన మార్పు చూడటానికి చిన్నదే: తొడుగు మధ్యలో అడ్డంగా ఒక గోడ. గోడకు ముందు ఒక సీసపు గుండు, వెనక ఇంకొకటి. ముందు భాగం ఎంత చెదిరినా గోడ దగ్గర ఆగిపోతుంది, వెనక సగం బరువుగా తొలుచుకుంటూ పోతుంది. పార్టిషన్ పేరుతో 1948 నుంచి అమ్మిన ఈ బుల్లెట్, మన రెండో కుటుంబం, ఇప్పటికీ దొరుకుతుంది. జర్మనీలో హెచ్-మాంటెల్ అనే బుల్లెట్ ఇదే ఆలోచనను అంతకుముందే వేరే రూపంలో అమలు చేసింది, కానీ హ్యాండ్‌లోడర్ల చేతికి విరివిగా అందింది మాత్రం పార్టిషనే. దాని గొప్పతనం నా దృష్టిలో ఒకటే: పరిధి చాలా వెడల్పు. నెమ్మదిగా తగిలితే మెత్తటి ముక్కు విచ్చుకుంటుంది, వేగంగా తగిలితే గోడ కాపాడుతుంది. ఎంపిక తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లు కళ్లు మూసుకుని దీన్ని తీసుకున్నా పెద్దగా నష్టపోరు.

మూడో కుటుంబం బాండెడ్ బుల్లెట్లు. సీసాన్ని తొడుగుకు లోపలి నుంచి అతికించేస్తారు, తునకలు విడిపోవు. నోస్లర్ అక్యూబాండ్, స్విఫ్ట్ సిరాకో, నార్మా ఓరిక్స్ ఇలాంటివి. స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్ ఒక అడుగు ముందుకేసి గోడనూ అతుకునూ రెంటినీ కలిపింది, కాబట్టి బరువైన, గట్టి జంతువుల మీద దానికి మంచి పేరుంది. విచ్చుకున్నాక ఇవి పుట్టగొడుగు ఆకారంలోకి వచ్చి, బరువులో ఎక్కువ భాగం నిలుపుకుంటాయి.

నాలుగోది అసలు సీసమే లేని రాగి బుల్లెట్. ర్యాండీ బ్రూక్స్ చేతిలో 1989లో బార్న్స్ ఎక్స్ రూపంలో మార్కెట్‌కొచ్చింది. కొనలో ఒక గుంట ఉంటుంది. తగలగానే ఆ గుంట అంచులు నాలుగు రెక్కలుగా వెనక్కి వాలతాయి, బరువు దాదాపు మొత్తం నిలుస్తుంది. మొదటి తరం మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. బ్యారెల్‌లో రాగి పేరుకుపోవడం, ఒత్తిడి పెరగడం, కొన్ని రైఫిళ్లలో గురి కుదరకపోవడం లాంటివి. తర్వాత వచ్చిన బార్న్స్ టీఎస్‌ఎక్స్ బుల్లెట్ ఒంటి మీద గాడులు పెట్టి ఆ బాధలు చాలావరకు తగ్గించారు. ఇప్పుడు హార్నడీ, నోస్లర్, లపువా అందరూ తమ తమ రాగి బుల్లెట్లు చేస్తున్నారు. వీటి అసలు బలహీనత వేరే: వీటికి వేగం కావాలి. వేగం బాగా పడిపోయాక రెక్కలు సరిగా తెరుచుకోకపోవచ్చు.

ఇవి కాక పోటీ షూటింగ్ బుల్లెట్లు ఉన్నాయి. కాగితం మీద గ్రూపు, అంటే వరుసగా కొట్టిన గుళ్లు ఎంత దగ్గర దగ్గరగా తగిలాయన్నది, బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి ఇవే వేటకూ వాడేద్దాం అనే టెంప్టేషన్ చాలామందికి ఉంటుంది. తమ పోటీ బుల్లెట్ మ్యాచ్‌కింగ్‌ను వేటకు సిఫారసు చేయబోమని సియెర్రా కంపెనీ తానే చెబుతుంది. అక్కడితో ఆ చర్చ ముగించవచ్చు.

దగ్గర, దూరం: రెండు చివర్లూ లెక్కవేయాలి

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్, అంటే సుమారు 11.7 గ్రాములది, బ్యారెల్ మూతి దగ్గర 2,700 అడుగుల వేగంతో బయల్దేరిందనుకోండి. గాలిని చీల్చే సామర్థ్యం, అంటే బాలిస్టిక్ కోఎఫిషియంట్, 0.47 దగ్గర ఉంటే 300 గజాలకు వేగం సుమారు 2,150, 400కు సుమారు 2,000, 500కు 1,800 పైచిలుకు ఉంటుంది. చాలా మామూలు బుల్లెట్లు విచ్చుకోవడానికి కావాల్సిన కనీస వేగం 1,800 దగ్గర ఉంటుంది. దూరపు షాట్ల కోసం చేసిన కొన్ని 1,300 దగ్గరా విచ్చుకుంటాయి. కంపెనీలు ఈ అంకె తరచుగా ప్రచురిస్తాయి. డబ్బా మీద లేకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో చూడాలి.

ఈ .30-06 వేటగాడు 300 గజాలు దాటి ట్రిగ్గర్ నొక్కడనుకుందాం. అతని పరిధి 2,700 నుంచి 2,150 దాకా. దాదాపు ప్రతి కుటుంబమూ ఇందులో హాయిగా పనిచేస్తుంది, డబ్బు దండగ చేయనక్కర్లేదు. అదే మనిషి .300 మ్యాగ్నమ్ పట్టుకుని, పొదల్లోంచి 30 గజాల్లో లేచే ఎల్క్‌నూ, లోయ అవతల 450 గజాల్లో మేసే ఎల్క్‌నూ ఒకే తూటాతో కొట్టాలనుకుంటే కథ మారిపోతుంది. దగ్గర చివర 2,900, దూరపు చివర 2,100 కంటే తక్కువ. మామూలు బుల్లెట్ దగ్గర చివర నిలబడదు. పార్టిషన్, బాండెడ్, రాగి ఇక్కడే తమ ధరకు న్యాయం చేస్తాయి.

చాలామంది దూరపు చివరే లెక్కవేస్తారు. నిజానికి బుల్లెట్లు ఎక్కువగా ఫెయిలయ్యేది దగ్గర చివరే, ఎందుకంటే దూరపు షాట్‌కు మనం సిద్ధపడతాం, దగ్గరి షాట్ చెప్పకుండా వస్తుంది.

బరువు గురించిన పాత సూత్రం

“పెద్ద జంతువుకు బరువైన బుల్లెట్” అనేది పాత మాట. దాని వెనకున్న లెక్క సెక్షనల్ డెన్సిటీ: పౌండ్లలో బరువును, అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగించాలి. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు కాబట్టి 0.308లో 150 గ్రెయిన్లకు 0.226, 180 గ్రెయిన్లకు 0.271 వస్తుంది. 6.5 మిల్లీమీటర్లలో 140 గ్రెయిన్లకు 0.287. స్కాండినేవియాలో సన్నటి 6.5×55 తరతరాలుగా మూస్ వేటలో నిలబడటానికి కారణం ఇదే, సన్నగా ఉన్నా బుల్లెట్ పొడవు, బరువు.

అయితే ఈ అంకె బుల్లెట్ తగలకముందుది. 180 గ్రెయిన్ల మామూలు బుల్లెట్ 40 శాతం కోల్పోతే లోపల మిగిలేది 108 గ్రెయిన్లు. 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ దాదాపు 150గానే ఉంటుంది. తొలుచుకుపోయేది మిగిలిన బరువే. అందుకే రాగికి మారేవాళ్లు సాధారణంగా ఒక మెట్టు తేలిక బరువుకు దిగుతారు: 180 వాడినవాళ్లు 165 లేదా 150కి. తేలికదైతే వేగం పెరుగుతుంది, రాగికి కావాల్సింది కూడా అదే. “రాగి సరిగా విచ్చుకోలేదు” అన్న ఫిర్యాదు విన్నప్పుడల్లా ముందు బరువు, తర్వాత దూరం అడిగితే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. బరువైన రాగిని నెమ్మదిగా పంపి, దూరంగా కొట్టి ఉంటారు.

చట్టం పెట్టే కనీస హద్దులు కూడా చూసుకోవాలి. నార్వేలో మూస్‌కు 9 నుంచి 10 గ్రాముల బుల్లెట్ అయితే 100 మీటర్ల దగ్గర 2,700 జౌల్‌ల శక్తి ఉండాలి, 10 గ్రాములు దాటితే 2,200 చాలు. కొలరాడోలో ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్ కావాలి. ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన పెద్ద జంతువులకు .375ను కనీసంగా పెట్టాయి. చట్టం చెప్పేది అట్టడుగు హద్దు మాత్రమే. 85 గ్రెయిన్లతో ఎల్క్ భుజాన్ని కొట్టమని ఎవరూ సలహా ఇవ్వరు.

పొడవు తెచ్చే తలనొప్పులు

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది సుమారు 9. అంటే అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. ఈ చిన్న తేడా హ్యాండ్‌లోడర్‌కు మూడు చోట్ల అడ్డొస్తుంది.

మొదటిది ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క. బుల్లెట్ గాలిలో నిలకడగా వెళ్లడానికి కావాల్సిన తిరుగుడు దాని పొడవును బట్టి ఉంటుంది. 1879లో గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రం దగ్గర్నుంచీ ఇదే మాట. 12 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న పాత .308 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల సీసం బుల్లెట్ బాగా వెళ్లొచ్చు, అదే బరువున్న ప్లాస్టిక్ కొన రాగి బుల్లెట్ తడబడొచ్చు. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడితే నిలకడ ఇంకా తగ్గుతుంది. వేసవిలో టార్గెట్ మీద బొటాబొటిగా పాసైన లోడు చలికాలపు వేటలో మొండికేయడానికి ఇదొక కారణం.

రెండోది మ్యాగజీన్, అంటే రైఫిల్‌లో తూటాలు పేర్చే పెట్టె. పొడవాటి బుల్లెట్‌ను మ్యాగజీన్‌లో పట్టేలా కూర్చోబెట్టాలంటే కేసులోకి లోతుగా నొక్కాలి, పౌడర్‌కు చోటు తగ్గుతుంది. .308 లాంటి పొట్టి తూటాల్లో ఇది వెంటనే తెలుస్తుంది.

మూడోది ఒత్తిడి, ఇందులో పొరపాటుకు చోటు లేదు. 165 గ్రెయిన్లు అని రాసి ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల బుల్లెట్లు ఒకటి కావు. బ్యారెల్‌ను రాసుకునే పొడవు వేరు, గట్టిదనం వేరు, కేసులోకి దిగే లోతు వేరు. ఒక బుల్లెట్‌కు చూసిన గరిష్ఠ పౌడర్ కొలతను ఇంకోదాని వెనక పోయడం రైఫిల్‌తోనూ ముఖంతోనూ జూదమాడటమే. బుల్లెట్ మార్చినప్పుడల్లా ఆ బుల్లెట్‌కే ప్రచురించిన మాన్యువల్ డేటా తీసుకుని, అందులోని ప్రారంభ కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

రాగి బుల్లెట్‌ను రైఫ్లింగ్‌కు, అంటే బ్యారెల్ లోపలి గాడులకు, ఆనించేలా కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. బార్న్స్ తన బుల్లెట్లకు 0.050 అంగుళం, అంటే ఒకటింపావు మిల్లీమీటరు ఖాళీతో మొదలుపెట్టమంటుంది. సీసం బుల్లెట్లతో ఖాళీ తగ్గించి గ్రూపు బిగించడం అలవాటైన చేతికి ఇది వింతగా అనిపిస్తుంది.

లివర్ యాక్షన్ రైఫిళ్ల (కింది మీట లాగి తూటా ఎక్కించేవాటి) సంగతి ఒక ముక్కలో. గొట్టం మ్యాగజీన్‌లో ఒక తూటా కొన ముందున్న తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది కాబట్టి సూది ముక్కు బుల్లెట్ పనికిరాదు. చదును ముక్కుదో, మెత్తటి రబ్బరు లాంటి కొన ఉన్నదో వాడాలి, అదీ గాడి దగ్గర కేసు మూతిని బిగించి.

సీసం సంగతి

ఒకప్పుడు రాగికి మారడం ఇష్టాన్ని బట్టి ఉండేది. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ అవకాశం లేదు. కాలిఫోర్నియాలో కాండార్ రాబందులు వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తిని చనిపోతుండటంతో 2013లో చట్టం చేశారు, 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసం నిషేధం. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ బుల్లెట్లలో సీసాన్ని ఆపేసింది. 2008లో నార్త్ డకోటాలో దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసపు తునకలు బయటపడ్డాక, ఫుడ్ ప్యాంట్రీల్లో (పేదలకు ఉచితంగా ఆహారం పంచే చోట్లలో) ఉన్న ఆ కీమా వాడొద్దని ఆరోగ్య శాఖ చెప్పింది. ఎక్స్‌రేలో ఈ తునకలు గాయం చుట్టూ చాలా దూరం చిమ్మి కనిపిస్తాయి, కత్తితో కోసి తీసేద్దామంటే కంటికి ఆనవు. ఇంట్లో పిల్లలు ఆ మాంసం తింటారంటే నేను రాగి వైపే మొగ్గుతాను. వేట పరంగా అదే గొప్పదని మాత్రం అనను. తక్కువ వేగాల దగ్గర సీసం ఇప్పటికీ మెరుగే.

గ్రూపు మోజు

చివరికి మిగిలేది గురి. లోడింగ్ బల్ల దగ్గర ఎక్కువ సమయం దీనికే పోతుంది, కానీ ఎంపికలో దీని స్థానం నాలుగోదో ఐదోదో. 100 గజాల దగ్గర ఒక అంగుళం గ్రూపు ఇచ్చే బుల్లెట్, ఒకటిన్నర అంగుళం ఇచ్చే బుల్లెట్ తీసుకోండి. 300 గజాలకు ఆ తేడా మూడుకీ నాలుగున్నరకీ మధ్య ఉంటుంది. జింక గుండె, ఊపిరితిత్తుల భాగం సుమారు ఎనిమిది అంగుళాలుంటుంది, ఎల్క్‌ది ఇంకా పెద్దది. మోకాలి మీద కూర్చుని, ఎగశ్వాసతో కొట్టే మనిషి వణుకు ఈ తేడాను ఎప్పుడో మింగేస్తుంది. సగం అంగుళం కోసం సరైన నిర్మాణం ఉన్న బుల్లెట్‌ను పక్కనపెట్టి, చెదిరిపోయేదాన్ని ఎంచుకోవడం తెలివైన బేరం కాదు.

ఎంచుకున్నాక ఒకే లాట్ నంబర్ ఉన్న, అంటే ఒకే విడతలో తయారైన, డబ్బాలు ఒకటికి రెండు తీసుకుని పెట్టుకోండి. లాట్ మారితే కొన ఆకారంలో, పొడవులో కొద్దిపాటి తేడాలు రావొచ్చు, దాంతో తగిలే చోటు జరగొచ్చు. కొత్త లాట్ మొదలుపెట్టిన రోజు జీరో (గురిపెట్టిన చోటే తగిలేలా చేసిన అమరిక) మళ్లీ సరిచూసుకోవాలి. వేటలో బుల్లెట్ అవతలి చర్మం కింద దొరికితే కడిగి తూకం వేసి, ఎంత దూరంలో కొట్టారో, ఏ ఎముక తగిలిందో దాని పక్కన రాసుకోండి. లోడింగ్ నోట్‌బుక్‌లో పౌడర్ కొలతలు అందరూ రాస్తారు, ఈ కాలమ్ ఒక్కటే ఖాళీగా వదిలేస్తారు.